నాలుగు మిల్లీమీటర్లలో థోత్: ఈజిప్టు పద్ధతిలో సున్నపురాతి చెక్కడం, ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

సున్నపురాతి పలక మీద నిలబడి ఉన్న థోత్ బొమ్మ. థోత్ ఈజిప్టువాళ్ళ రాతకు, జ్ఞానానికి దేవుడు. కంకణం పక్షి (ఐబిస్) తల, మనిషి ఒళ్ళు, ముందుకు చాచిన చేతిలో అధికారానికి గుర్తైన వాస్ దండం, వెనక చేతిలో ప్రాణానికి గుర్తైన అంఖ్, ముఖం ముందు ఒక నిలువు వరుస లిపి. ఫలానా గోడ మీది ఫలానా బొమ్మకు నకలు తీయడం లేదు. అబీడోస్‌లో ఫారో మొదటి సేతి కట్టించిన గుడి లోపలి గదుల పనితనాన్ని కొలమానంగా పెట్టుకున్నాం. అది క్రీ.పూ. 13వ శతాబ్దం తొలినాళ్ళ పని. ఈజిప్టు ఎత్తు చెక్కడం (చుట్టూ రాయి దించి బొమ్మను పైకి నిలిపే పద్ధతి) అంతకన్నా నున్నగా ఎక్కడా కనిపించదని మా అభిప్రాయం. లక్సర్‌లో మంత్రి రామోసే సమాధి దానికి గట్టి పోటీ, అంతే.

పలక కొలతలు 45 సెం.మీ. వెడల్పు, 75 సెం.మీ. ఎత్తు, 5 సెం.మీ. మందం. బరువు దాదాపు 39 కిలోలు, ఇద్దరు పడితేగాని లేవదు. చెక్కే లోతు 4 మి.మీ. మాత్రమే. అమరావతి శిల్పాలు చూసి పెరిగిన కంటికి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. అక్కడ పల్నాటి సున్నపురాతిలో మనుషుల వెనక మనుషులు, వాళ్ళ వెనక చెట్లు, అన్నీ వేరువేరు లోతుల్లో ఉంటాయి. ఈజిప్టువాళ్ళకు ఆ లోతుతో పని లేదు. బొమ్మ అంతా దాదాపు ఒకే మట్టంలో ఉంటుంది, తేడా అంతా అంచుల్లోనే చూపిస్తారు. ఈ ప్రాజెక్టులో తేల్చుకోవాల్సింది కూడా అదే.

లోచెక్కడం ఎందుకు కాదు? లోచెక్కడంలో చుట్టూ రాయి అలాగే ఉంటుంది, బొమ్మ గీతను లోపలికి కోసి, ఆ గుంటలోనే బొమ్మను మలుస్తారు. పని సగానికి సగం తగ్గుతుంది. ఎండ పడే బయటి గోడలకు అదే సరైనది, కోసిన అంచు నల్లటి నీడ ఇస్తుంది. ఎత్తు చెక్కడం లోపలి గదుల మసక వెలుతురుకు పనికొస్తుంది. లక్సర్ దగ్గరి కర్నాక్ గుడిలోని పెద్ద స్తంభాల మండపంలో రెండూ కనిపిస్తాయి. ఉత్తర భాగంలో సేతి కాలపు ఎత్తు చెక్కడం, దక్షిణాన అతని కొడుకు రెండో రామ్సేస్ మొదట్లో అదే పద్ధతి సాగించి తర్వాత లోచెక్కడానికి మారాడు. మా పలక ఇంటి లోపల గోడకు వెళ్తుంది, పక్కనుంచి దీపం పడుతుంది. కాబట్టి ఎత్తు చెక్కడమే.

రాయి

ఈజిప్టులో పేరున్న తెల్ల సున్నపురాయి తురాలో దొరికేది. పాత రాజధాని మెంఫిస్‌కు ఎదురుగా, నైలు తూర్పు ఒడ్డున ఉన్న గనులవి. మనకు ఆ రాయి రాదు. తెలుగువాళ్ళు వెంటనే అడిగే ప్రశ్న: తాండూరు బండ, షాబాద్ బండ, బేతంచెర్ల రాయి కూడా సున్నపురాయే కదా, అవి సరిపోవా? నేలకు చక్కగా సరిపోతాయి, ఈ పనికి సరిపోవు. గట్టిగా, పొరలు పొరలుగా ఉంటాయి. ఉలి దెబ్బకు పెచ్చు పొర వెంట పోతుంది, మనం ఆపిన చోట ఆగదు. వేలంత భాగం తీయబోతే అరచేయంత లేస్తుంది. గుజరాత్ పోర్‌బందర్ రాయి మెత్తగా, తీరుగా కోసుకుంటుంది. అయితే రేణువు ముతక, 2 మి.మీ. కన్నా సన్నటి గట్టు నిలవదు. ఉత్త లోచెక్కడానికైతే దానితో కానివ్వొచ్చు.

చివరికి తీసుకున్నది సన్నటి రేణువున్న దిగుమతి రాయి. వ్యాపారి చెప్పే పేరుతో పెద్దగా ఉపయోగం లేదు, ఒకే పేరు కింద నాలుగు రకాల రాయి అమ్ముతారు. పరీక్షలు చేసి కొనాలి. మొదటిది, పలకను ఒక మూల మీద నిలబెట్టి చిన్న సుత్తితో తట్టాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే లోపల బీట ఉంది. రెండోది, ముఖమంతా తడిపి ఆరనివ్వాలి. మిగతా రాయి తెల్లబడ్డాక కూడా ఎక్కడైనా నల్లటి గీత మిగిలితే అది బీట, నీళ్ళు అందులో నిలుస్తాయి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం. వెనక వైపు రెండు గాళ్ళు పక్కపక్కన తీసి, మధ్యలో 1 మి.మీ. గట్టు వదలాలి. గోటితో నొక్కితే ఆ గట్టు రాలకూడదు. రాలితే పక్షి ముక్కు, లిపిలోని నీటి అలల గుర్తు, కాలివేళ్ళు ఏవీ ఈ రాతిలో రావు.

రాయి సన్నపొరలుగా కనిపిస్తే, ముఖం పొరకు సమాంతరంగా కోశారా లేదా అన్నది కూడా చూసుకోవాలి. సమాంతరంగా ఉంటే నేపథ్యం దించేటప్పుడు రేకులుగా లేస్తుంది.

ముఖం చదును చేయడం

రంపం నుంచి వచ్చిన ముఖం చదునుగానే కనిపిస్తుంది, కాని ఉండదు. 60 సెం.మీ. ఉక్కు బద్దను అడ్డంగా, నిలువుగా, రెండు కర్ణాల మీదా నిలబెట్టి వెనకనుంచి టార్చి వేస్తే వెలుతురు దూరే చోటల్లా పల్లం. అర మిల్లీమీటరు దాటితే సరిచేయాలి. మొత్తం లోతే నాలుగైనప్పుడు అర మిల్లీమీటరంటే ఎనిమిదో వంతు.

ఎత్తుగా ఉన్న చోట్లు పట్టుకోవడానికి చవకైన దారి: చదునైన చెక్కకు తడి జాజు (ఎర్రమట్టి రంగు) పల్చగా పూసి రాతి మీద రుద్దితే, ఎర్రబడిన చోట్లే మిట్టలు. వాటిని ఇసుకరాతి ముక్కతో నీళ్ళు పోస్తూ అరగదీయాలి. ఈజిప్టు తాపీవాళ్ళు ఇదే పనికి సమాన ఎత్తున్న మూడు కొయ్య ముక్కలు వాడేవారు. రెండు ముక్కల తలల మధ్య దారం బిగించి, మూడో ముక్కను దాని కింద జరిపితే ఎక్కడ దారం లేస్తుందో అక్కడ మిట్ట. పెద్ద గోడకు అది మంచి ఉపాయం, ఇంత చిన్న పలకకు జాజు చెక్కే సులువు.

నునుపు 120 నంబరు ఎమరీ కాగితం దగ్గర ఆపేశాం. అంతకన్నా నున్నగా చేస్తే గీత పట్టదు, ఉలి జారుతుంది.

గళ్ళు

ఈజిప్టు బొమ్మ కొలత గళ్ళతో నడుస్తుంది. నిలబడిన బొమ్మకు అరికాలి నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే గీత వరకు 18 గళ్ళు, కూర్చున్న బొమ్మకు 14. మోకాలు 6వ గీత మీద, పిరుదుల కింది అంచు 9 మీద, నడుము వంపు 11 దగ్గర, మోచేయి 12 దగ్గర, రొమ్ము మొన 14 మీద, మెడ భుజాలతో కలిసే చోటు 16 మీద పడుతుంది. మగ బొమ్మకు భుజాల వెడల్పు సుమారు 6 గళ్ళు. చాలా తర్వాత, 25, 26 రాజవంశాల కాలంలో ఈ కొలత మారి, కంటి పై రెప్ప వరకు 21 గళ్ళు అయింది. పుస్తకాల్లో రెండూ కలగలిసి కనిపిస్తాయి. ఏ కాలపు బొమ్మ చేస్తున్నామో తేల్చుకోకుండా గీస్తే కాళ్ళు ఒక కాలానివి, మొండెం ఇంకో కాలానిది అవుతుంది. సేతి పని కాబట్టి మాది 18.

ఒక గడి 3 సెం.మీ. అడ్డంగా 15 గళ్ళు, నిలువుగా 18 గళ్ళు అంటే 45కు 54 సెం.మీ. గళ్ళు కొట్టాక రెండు కర్ణాలూ 70.3 సెం.మీ. రావాలి. తేడా 1 మి.మీ. దాటితే మూలమట్టం తప్పినట్టే, చెరిపి మళ్ళీ కొట్టాలి. అడుగున 6 సెం.మీ. నేల పట్టీకి, పైన మిగిలింది తల చివరకు, ఆకాశం గుర్తున్న పట్టీకి.

దారం కొట్టడంలో ఒక చిక్కుంది. తడి జాజులో ముంచిన నూలు కొడితే గీత ముదురుగా, అందంగా వస్తుంది, కాని సున్నపురాయి రంగును లోపలికి పీల్చేస్తుంది. నేపథ్యంలో పరవాలేదు, ఆ రాయి ఎలాగూ పోతుంది. బొమ్మ ఒంటి మీద మాత్రం పైపైన గీకడమే కాబట్టి ఎర్ర చార మిగిలిపోయి తర్వాత పల్చటి రంగుల కిందనుంచి తొంగిచూస్తుంది. పొడి జాజు పట్టించిన దారమే మంచిది. గీత లేతగా వస్తుంది, తుడిస్తే పోతుంది.

ప్రతి గీతకూ పలక నాలుగు అంచుల మీద చిన్న గాటు పెట్టాం. చెక్కడం మొదలయ్యాక గళ్ళు చెరిగిపోతాయి, ఈ గాట్ల మధ్య దారం పట్టుకుంటే ఏ గీతనైనా ఎప్పుడైనా మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఇది చేయకపోతే సగం పనిలో మోకాలు ఎక్కడో తెలియదు.

బొమ్మ గీయడం

ముందు జాజుతో, తర్వాత నలుపుతో దిద్దుబాటు. ఇది వాళ్ళ వరసే. రాజుల లోయలో ఫారో హోరెమ్‌హెబ్ సమాధి ఈ విషయంలో పాఠ్యపుస్తకం లాంటిది. 1908లో బయటపడిన ఆ సమాధిలో కొన్ని గోడలు అసంపూర్తిగా ఆగిపోయాయి. ఎర్ర గీత, దాని మీద నల్ల దిద్దుబాటు, ఉలి మొదలైన చోటు, పూర్తయిన చోటు, అన్నీ అక్కడే చూడొచ్చు. సేతి సమాధిలో కూడా గీతల దగ్గరే ఆగిన గది ఒకటి ఉంది. నల్ల గీత ఎర్ర గీతను ఎక్కడ సవరించిందో చూస్తే ఆ పెద్ద చిత్రకారుడి కన్ను దేనిమీద ఉండేదో తెలుస్తుంది: ఎక్కువగా భుజం వాలు, పిక్క వంపు, చేతివేళ్ళు.

బొమ్మ కుడివైపు చూస్తోంది. ఈజిప్టులో మామూలు దిశ అదే. రెండు పాదాలూ లోపలివైపు నుంచి కనిపించినట్టు, బొటనవేలే ముందున్నట్టు ఉంటాయి, పాదం కింద కమాను ఉంటుంది. ఆ కమాను కింద మిగిలే సన్నటి నేపథ్యం ముక్కను చాలామంది గీయడం మరిచిపోతారు. దాంతో పాదం చెక్కపలక లాగా నేలకు అతుక్కుపోతుంది.

తలతోనే అసలు తంటా. మనిషి కొలతలో 18వ గీత జుట్టు అంచు, పక్షికి జుట్టు అంచు ఉండదు. ఈజిప్టువాళ్ళ ఉపాయం మూడు పాయల విగ్గు. పక్షి తల చుట్టూ విగ్గు పెట్టి ఒక పాయను ఛాతీ మీదికి, ఒకదాన్ని వీపు మీదికి దింపితే, పక్షి మెడ మనిషి భుజాలతో ఎక్కడ కలిసిందో కనిపించకుండా పోతుంది. విగ్గు ముందంచును 18 మీద పెట్టి, కన్ను దాని కిందికి తెచ్చాం. ముక్కు 17, 18 గీతల మధ్య మొదలై వంగుతూ 16 దాకా దిగుతుంది. పొడవు 3 గళ్ళు, మొదట్లో 15 మి.మీ. వెడల్పు, కొన దగ్గర 4 మి.మీ. ముక్కు వంపు కోసం బొమ్మల పుస్తకం కన్నా పక్షినే చూడటం మేలు. థోత్‌కు చెందిన కంకణం ఆఫ్రికా పక్షి, మన చెరువుల దగ్గర తిరిగే తెల్ల కంకణం దాని దగ్గరి చుట్టం. వంపు మొదట్నుంచీ సమానంగా ఉండదు, చివరి మూడో వంతులోనే ఎక్కువ వంగుతుంది. అంతా ఒకే వృత్తఖండంగా గీస్తే కొడవలి అవుతుంది.

లిపి వరుస ‘ఖ్మును ప్రభువు థోత్ పలికే మాటలు’ అన్న వాక్యం. ఖ్మును అంటే గ్రీకుల హెర్మోపోలిస్, నేటి ఎల్-అష్మునేన్. గుర్తులు పైనుంచి కిందికి: నాగు, కర్ర, రెల్లు, నీటి అల, స్తంభపీఠం మీద కంకణం, బుట్ట, ఎనిమిది గీతలు, ఊరి గుర్తు. జీవులన్నీ దేవుడు చూసే వైపే చూడాలి. ఒక్క పక్షి తిరగబడినా చదివేవాడికి వాక్యం మరో దిక్కునుంచి మొదలవుతుంది. వరుస వెడల్పు 24 మి.మీ.

నేపథ్యం దించడం

ఎక్కువ శ్రమ, ఎక్కువ దుమ్ము ఇక్కడే. పలక విస్తీర్ణంలో మూడింట రెండు వంతులు 4 మి.మీ. దించితే దాదాపు 2 కిలోల రాయి పొడిగా మారుతుంది. సున్నపురాతిలో సిలికా తక్కువే అయినా మాస్కు లేకుండా కూర్చోవద్దు. ఇసుకరాయైతే సిలికా తక్కువన్న మాటే లేదు, మాస్కు కట్టుకుని, రాయి తడుపుతూనే పని చేయాలి.

ఉలులు: 3, 6, 12 మి.మీ. చదును ఉలులు, టంగ్‌స్టన్ కార్బైడ్ మొనవి. సుత్తి 450 గ్రాములది, కొయ్యదైనా నైలానుదైనా సరే, ఇనుపది వద్దు. ముతక పనికి 12 మి.మీ. పళ్ళ ఉలి. ఈ చివరిది ఫారోల కాలపు పనిముట్టు కాదు, గ్రీకు శిల్పుల పనితో వ్యాప్తిలోకి వచ్చింది. చివర్లో గీకుడుతో దాని జాడ ఎలాగూ పోతుంది కాబట్టి వాడాం.

రాగి ఉలి సంగతి కూడా చూశాం. ఎర్తింగ్‌కు వాడే రాగి కడ్డీ కొన చల్లగా ఉండగానే సుత్తితో కొడుతూ పల్చన చేస్తే గట్టిపడుతుంది. సున్నపురాతిని బాగానే కోస్తుంది, ఉక్కు కన్నా మెత్తగా దిగుతుంది, దెబ్బ మచ్చలు తక్కువ. కాని పదును నిలవదు. మాటిమాటికీ మళ్ళీ కొట్టి సాన పట్టాలి, ప్రతిసారీ కొంచెం లోహం పోతుంది. రాజుల సమాధులు చెక్కినవాళ్ళ ఊరు డెయిర్ ఎల్-మెదీనాలో పనివాళ్ళకు ఉలులు సర్కారు సొత్తుగా తూచి ఇచ్చి, తూచి వెనక్కి తీసుకునేవారు. ఆ లెక్క ఎందుకు పెట్టారో రాగి ఉలి కాసేపు వాడితే అర్థమవుతుంది.

పద్ధతి ఇలా సాగింది. పలక చుట్టూ 2.5 సెం.మీ. అంచు పూర్తి ఎత్తులో వదిలేశాం. లోతు కొలవడానికి ఆ అంచే ఆధారం. ఒక బద్దకు మధ్యలో స్క్రూ బిగించి, దాని మొన సరిగ్గా 4 మి.మీ. బయటికి వచ్చేలా తిప్పి పెట్టాలి. బద్దను అంచు నుంచి అంచుకు జరిపితే మొన గీసుకున్న చోట ఇంకా తీయాలి, గాల్లో ఉన్న చోట ఆగాలి. బొమ్మ అడ్డొచ్చిన చోట బద్దను బొమ్మ మీదే ఆనించవచ్చు, దాని ముఖం కూడా పాత మట్టమే కదా.

ముందు బొమ్మ గీతకు 2 మి.మీ. ఎడంగా, 6 మి.మీ. ఉలితో చుట్టూ గాడి తీయాలి, లోతు 3 మి.మీ. ఆ గాడి కాపలా లాంటిది. తర్వాత నేపథ్యంలో లేచే పెచ్చు అక్కడికి వచ్చి ఆగుతుంది, బొమ్మలోకి పోదు. గాడి తీయకుండా పళ్ళ ఉలితో నేరుగా దిగితే మొదటి గంటలోనే బొమ్మ మోచేయి పోతుంది. గాడి పూర్తయ్యాక పళ్ళ ఉలిని 30, 35 డిగ్రీల వాలులో పట్టి, ఒకే దిశలో వరసలు వరసలుగా 3 మి.మీ. దాకా దించాలి. చివరి మిల్లీమీటరు చదును ఉలితో, ముందటి వరసలకు అడ్డంగా.

ఉలి వాలు దగ్గరే ఎక్కువ రాయి పాడవుతుంది. 60 డిగ్రీలు దాటి నిలబెట్టి కొడితే ఉలి రాతిని కోయదు, నలగ్గొడుతుంది. నలిగిన చోట రాయి లోపల తెల్లటి మచ్చ కడుతుంది. అప్పటికి కనిపించదు, నునుపు చేసి తడిపినప్పుడు బయటపడుతుంది, తీయాలంటే ఇంకో మిల్లీమీటరు దిగాలి. నేపథ్యంలో ఆ అవకాశం లేదు, చుట్టూ 4 దగ్గర ఉండి అక్కడ 5 అయితే గుంట కనిపిస్తుంది. మొద్దుబారిన ఉలి కూడా ఇదే మచ్చ చేస్తుంది. దెబ్బ చప్పుడు పదునుగా ఉండక దిమ్ముగా మారితే ఆపి సాన పట్టాలి.

ఇంకొకటి, దెబ్బ దిశ. సన్నటి భాగాల దగ్గర ఉలి ఎప్పుడూ బొమ్మ నుంచి బయటికి నడవాలి. బొమ్మ వైపుకు నడిపిస్తే ఉలి మొన చీలకలా పనిచేసి ఎదురుగా ఉన్న సన్న గట్టును పక్కకు నెడుతుంది. వాస్ దండం విషయంలో ఇది మరీ ముఖ్యం. 8 మి.మీ. వెడల్పు, 45 సెం.మీ. పైగా పొడవు, రెండు పక్కలా ఖాళీ. దాని దగ్గర సుత్తి పక్కన పెట్టి, ఉక్కు బద్ద ఆసరాగా 3 మి.మీ. ఉలిని చేత్తోనే నెడుతూ కోశాం. వంకర గీత పిక్క మీద ఎవరికీ కనిపించదు, దండం మీద అర మిల్లీమీటరు వంకర కూడా గదికి అటుపక్క నుంచి కనిపిస్తుంది.

నేపథ్యం చదునైందో లేదో పై దీపం వెలుతురులో తెలియదు. గది చీకటి చేసి, టార్చిని రాతి మీద దాదాపు పడుకోబెట్టినట్టు పక్కనుంచి వేయాలి. అప్పుడు అలలన్నీ లేస్తాయి. పెద్ద మిట్టలు ఉలికి, చిన్నవి గీకడానికి. గీకడానికి చెకుముకి రాతి పెచ్చు ఉక్కు గీకుడు కన్నా బాగుంది, మొన అరిగినకొద్దీ కొత్త పెచ్చు తీసుకోవచ్చు.

అంచులు, పొరలు

బొమ్మ ఇప్పుడు బిస్కెట్టులా బల్లపరుపుగా నిలబడింది. దీన్ని ఒళ్ళుగా మార్చడానికి చేతిలో ఉన్నది ఆ 4 మి.మీ. మాత్రమే. ఏది పైన, ఏది కింద అన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. మా వరస: పిడికిలి దండం మీద, విగ్గు పాయ హారం మీద, హారం ఛాతీ మీద, ముంజేయి మొండెం మీద, నడుముపట్టీ పంచె మీద, పంచె తొడల మీద, వెనక వేలాడే ఎద్దు తోక అన్నిటికన్నా కింద.

పొరపొరకూ ఒక్కో మిల్లీమీటరు కేటాయిస్తే నాలుగో పొరకే రాయి అయిపోతుంది. వాళ్ళు అలా చేయలేదు. పైనున్న దాని అంచు వెంట, కిందున్న దాన్ని మాత్రమే 0.7 మి.మీ. దించి, అక్కడినుంచి 12, 15 మి.మీ. దూరంలో మెల్లగా మళ్ళీ పాత మట్టానికి తేలనిచ్చేవారు. కంటికి విగ్గు పాయ ఛాతీ మీద పడి ఉన్నట్టు కనిపిస్తుంది, కొలిస్తే రెండూ ఒకే ఎత్తులో ఉంటాయి. పాయ అంచు దగ్గర వేలు పెడితే చిన్న మెట్టు తగులుతుంది, రెండో అంగుళంలో ఆ మెట్టు ఉండదు. ఈ చిన్న వాలు 6 మి.మీ. ఉలిని దాదాపు పడుకోబెట్టి, సుత్తి లేకుండా తోస్తే వస్తుంది. పైనున్న భాగాన్ని ఎప్పుడూ ముందు ముగించాలి. కిందిదాన్ని ముందు నున్నగా చేసేస్తే పైదాని అంచు దిద్దినప్పుడల్లా అది గీసుకుపోతుంది.

బయటి అంచు సంగతి వేరు. నేపథ్యంలోకి దిగే గోడ నిలువుగా కన్నా కాస్త వాలుగా, 80 డిగ్రీల దగ్గర ఉండాలి. లోపలికి కోసి నీడ పెంచుదామనిపిస్తుంది, కాని అలా కోసిన అంచుకు కింద ఆధారం ఉండదు, గుడ్డ తగిలినా రాలుతుంది. పై మూల కొద్దిగా గుండ్రంగా తిప్పాం. ఆ గుండ్రం ఒంటి మీద కాస్త ఎక్కువ, పంచె మీద తక్కువ, దండం మీద అసలు లేదు. మాంసం, బట్ట, కర్ర వేరువేరుగా కనిపించడం ఈ తేడాతోనే. కండలు చెక్కే ఆశ పెట్టుకోవద్దు. మోకాలి చిప్ప, పిక్క ఎముక గీత, కాలర్ ఎముక జాడ చాలు.

ముక్కు, అతుకు

ముక్కు కొన దగ్గర రాతిలో గవ్వ శిలాజం ఒకటి బయటపడింది. చుట్టూ మెత్తటి రాయి, మధ్యలో గట్టి గవ్వ. ఉలి గవ్వ మీదికి ఎక్కగానే 6 మి.మీ. పెచ్చు లేచిపోయింది. ఇలాంటివి ముందే పట్టాలంటే రాతిని తడిపి చూడటమే దారి, గవ్వలు మెరుస్తాయి. అయినా లోపలున్నవి కనిపించవు.

అతుకు కాల్చిన జిప్సంతో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్). ఈజిప్టులో కూడా చెడిన రాతికి, మార్చిన బొమ్మకు జిప్సమే పూసేవారు. కర్నాక్ మండపం బయటి గోడల మీద తిరిగి చెక్కిన చోట్ల ఆ పూత రాలిపోయి, పాత బొమ్మ, కొత్త బొమ్మ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. మన పాళ్ళు: చెక్కగా వచ్చిన రాతిపొడి సన్న జల్లెడ పట్టి, జిప్సంతో సమానంగా కలిపి, 100 గ్రాముల పొడి మిశ్రమానికి 50, 60 మి.లీ. నీళ్ళు. ముందు విరిగిన ముఖాన్ని ఉలి మొనతో గరుకు చేసి, దుమ్ము ఊది, బాగా తడపాలి. పొడి రాయి జిప్సంలోని నీళ్ళు లాగేసుకుంటుంది, అది గట్టిపడకుండానే ఎండి రెండు రోజుల్లో పెంకులా ఊడుతుంది. అతుకులు ఊడటానికి పదింట తొమ్మిదిసార్లు కారణం ఇదే. కావలసిన దానికన్నా 2 మి.మీ. ఎక్కువ పెట్టి, పూర్తిగా ఎండాక రాయితోపాటే చెక్కాలి. సిమెంటు మాత్రం దగ్గరికి రానివ్వద్దు. దానిలోని లవణాలు సున్నపురాతిలోకి దిగి ఉప్పు పూస్తాయి, రంగును కిందనుంచి తోసేస్తాయి.

లిపిలో నీటి అల ఒక్కటే ఇబ్బంది పెట్టింది. 20 మి.మీ. పొడవులో పదునైన మెలికలు, ఒక్కోటి 2 మి.మీ. లోపే. ముందు మెలికలు కోసి తర్వాత నేపథ్యం తీయబోతే రాలిపోతాయి. గుర్తు చుట్టూ సాదా పట్టీగా వదిలి నేపథ్యం ముగించి, ఆఖర్న పట్టీ అంచుల్లో మూడు పలకల ఆకురాయితో మెలికలు అరగదీస్తే నిలిచాయి.

రంగు

ప్రస్తుతం ఇక్కడున్నాం. ముందు పల్చటి తెల్ల పూత: సన్న సుద్దపొడి, తుమ్మ బంక నీళ్ళు. బంక 1 పాలు, నీళ్ళు 3 పాళ్ళు బరువు లెక్కన రాత్రంతా నానబెట్టి వడగట్టి, వాడేటప్పుడు మళ్ళీ అంత నీళ్ళు కలపాలి. నల్లతుమ్మ ఈజిప్టు చెట్టు కూడా, శాస్త్రీయ నామంలోనే నైలు ఉంది. బంక ఎక్కువైతే పూత మెరిసి, ఎండాక పగిలి చుట్టుకుంటుంది. తక్కువైతే వేలికి పొడి అంటుతుంది. ప్రతి రంగుకూ పాళ్ళు వేరు. జాజు తక్కువ బంకతో పట్టుకుంటుంది, నీలానికి ఎక్కువ కావాలి.

నీలం ఈజిప్టు నీలమే కొన్నాం. ఇసుక, సున్నం, రాగి, కొంచెం క్షారం కలిపి 900 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో కాల్చి చేసే కృత్రిమ రంగు అది. ఇది నూరేకొద్దీ పాలిపోతుంది, ముతక పొడే ముదురు నీలం. అందుకే కల్వంలో మళ్ళీ నూరవద్దు. ముతక పొడి గిన్నె అడుగున కూర్చుంటుంది, కుంచె ముంచిన ప్రతిసారీ కలపాలి, ఒక పూత చాలదు. ఈజిప్టు నీలం పేరుతో మామూలు అల్ట్రామెరైన్ అమ్మేవాళ్ళున్నారు. అనుమానముంటే చీకట్లో తెల్ల ఎల్ఈడీ దీపం వేసి, పరారుణం చూడగల కెమెరాకు పరారుణాన్ని మాత్రమే వదిలే ఫిల్టరు పెట్టి చూడాలి. అసలైనది తెల్లగా వెలుగుతుంది, అల్ట్రామెరైన్ వెలగదు.

ఒంటికి జాజు ఎరుపు, విగ్గుకు నీలం, పంచెకు తెలుపు, నడుముపట్టీకి పసుపు మట్టి. రంగులు చదునుగా వేయాలి, నీడలు వేయకూడదు. నీడ పని అంచులు చూసుకుంటాయి. ఎరుపు, తెలుపు అయిపోయాయి. విగ్గు నీలం మొదటి పూత ఎండుతోంది, పాయల చారల దగ్గర గాళ్ళలో పొడి పేరుకుంది, మెత్తటి కుంచెతో తీసి రెండో పూత వేయాలి. ఆ తర్వాత ముక్కు, కన్ను నలుపు, చివరగా ఒళ్ళంతా సన్నటి ముదురు ఎరుపు గీత. దానికి తుంగపుల్ల కొన నలగ్గొట్టి చేసిన కుంచె సిద్ధంగా ఉంది. మార్కెట్ కుంచె కన్నా గీత సమానంగా వస్తోంది, కాని తడి ఎక్కువసేపు పట్టదు, జానెడు గీతకోసారి ముంచాలి.

గోడకు బిగించేటప్పుడు బరువు మేకుల మీద వేలాడకూడదు. అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు ఎల్ పట్టీలు రెండు బరువు మోయాలి, పైన రెండు కొక్కేలు ముందుకు పడకుండా పట్టుకుంటే చాలు. రాతికి, గోడకు మధ్య 1 సెం.మీ. ఖాళీ వదలాలి, లేకపోతే వానాకాలం గోడ చెమ్మ వెనకనుంచి దిగుతుంది. దీపం ఎడమవైపు పైనుంచి, గోడకు 20 డిగ్రీల లోపు వాలులో పడాలి.